నాన్నకు రెండు నెలలుగా వచ్చిపోయే జ్వరం, టైఫాయిడ్ మందులకు లొంగడం లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

దర్శి_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:50

మాది ప్రకాశం జిల్లా, దర్శి పక్కన పల్లె. నేను బెంగళూరులో ఉంటాను. నాన్నకు 56 ఏళ్ళు. సంక్రాంతి వెళ్ళిన వారానికి జ్వరం మొదలైంది. సాయంత్రం నాలుగింటికి చలి, ఒళ్ళు నొప్పులు. రాత్రికి జ్వరం. తెల్లవారుజామున చెమటలు, బనియన్ పిండితే నీళ్ళు కారేంత. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు లేచి పొలం వెళ్తాడు. వారం పది రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ మొదలు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని ఏడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. తర్వాత టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైడాల్ చేసి "టైఫాయిడ్ ఇంకా రక్తంలోనే ఉంది" అన్నారు. ఐదు రోజులు సెలైన్లు, ఇరవై ఎనిమిది వేలు. మలేరియా, డెంగీ లేవు. టీబీ ఏమోనని తెమడ పరీక్ష చేయించాం, రాలేదు. ఇప్పుడు నడుము కింద ఎడమ పక్క నొప్పి, కుంటుతున్నాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు. అమ్మ దిష్టి అంటోంది. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మిర్చి_యార్డు | ఆదివారం, రాత్రి 10:15

బొప్పాయి ఆకు రసం రెండు పూటలా తాగించు బ్రదర్. మా బావమరిదికి మూడు రోజుల్లో తగ్గింది.

ల్యాబ్_అక్క | ఆదివారం, రాత్రి 10:40

మీ బావమరిదిది మూడు రోజుల్లో తగ్గే జ్వరమే అయ్యుంటుంది లెండి. బొప్పాయి ఆకు ఖాతాలో వేశారు.

దర్శి తమ్ముడూ, నేను పదహారేళ్ళుగా ల్యాబ్‌లో పని చేస్తున్నా. మన దగ్గర జ్వరమంటే ముందు వైడాల్ రాసేస్తారు. అది టైఫాయిడ్ క్రిమిని చూపించే పరీక్ష కాదు, ఆ క్రిమి మీద, దాన్ని పోలిన వాటి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూపిస్తుంది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కూ, వేరే ఇన్ఫెక్షన్లకూ కూడా పాజిటివ్ రావచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్ పట్టుకుని రెండు నెలలు టైఫాయిడ్ అని మందులేయడం సరికాదు. బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష చేశారా? చేస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందా, తర్వాతా?

దర్శి_కుర్రాడు | ఆదివారం, రాత్రి 10:52

కల్చర్ అనే మాటే ఎవరూ ఎత్తలేదు అక్కా.

సీమ_పశువైద్యం | సోమవారం, ఉదయం 6:20

తమ్ముడూ, నేను పశువుల డాక్టర్ని. మనుషుల జ్వరాలలో వేలు పెట్టను కానీ ఒక్క ప్రశ్న. ఇంట్లో గేదెలో మేకలో ఉన్నాయా? ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయిందా?

దర్శి_కుర్రాడు | సోమవారం, ఉదయం 8:05

ఉన్నాయి సార్, రెండు గేదెలు. డిసెంబరులో పెద్దది ఈసుకుపోయింది. ఎనిమిదో నెల చూడి. దూడ చచ్చి పడింది. మాయ పడకపోతే మర్నాడు నాన్నే చెయ్యి పెట్టి లాగాడు. దానికీ జ్వరానికీ ఏంటి సంబంధం?

సీమ_పశువైద్యం | సోమవారం, ఉదయం 8:30

సంబంధం ఉండే అవకాశం చాలా ఉంది. బ్రూసెల్లోసిస్ అంటారు, మన రైతుల మాటలో ఈసుడు రోగం. చూడి పశువుకు అయిదో నెల దాటాక, ఎక్కువగా చివరి మూడు నెలల్లో ఈసుకుపోతుంది. మాయ పడదు. అలా పడిపోయిన దూడలో, మాయలో, ఆ తర్వాత కారే మైలలో ఈ బ్యాక్టీరియా కుప్పలుగా ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి పోతుంది. కంట్లో చుక్క పడినా అంతే. పాలలోనూ వస్తుంది.

మనిషిలో రెండు మూడు వారాలకు బయటపడొచ్చు, రెండు మూడు నెలలూ పట్టొచ్చు. డిసెంబరు మధ్యలో మాయ లాగితే జనవరి చివర జ్వరం. లెక్క సరిపోతోంది. రాత్రి చెమటలు, జ్వరం అలలు అలలుగా రావడం, నడుము పట్టేయడం, అన్నీ దానివే. కానీ ఇది నా అనుమానం మాత్రమే, పరీక్షతోనే తేలాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నాకే వచ్చింది. పెయ్యదూడకు టీకా వేస్తుంటే అది గింజుకుని సూది నా బొటనవేలిలో దిగింది. ఈ జబ్బుకు వేసే ఎస్-19 టీకాలో బతికున్న బ్యాక్టీరియానే ఉంటుంది, బలం తగ్గించినది. పశువుకు మేలు చేసేదే మనిషికి జబ్బు చేస్తుంది. నాకూ మొదట టైఫాయిడ్ అనే అన్నారు!

ఎండీ_మెడిసిన్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

పశువైద్యులు గారు చెప్పింది సరైన దారి. దర్శి గారూ, నాన్నగారిని జిల్లా కేంద్రంలో ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళగానే మొదటి మాటగా "ఇంట్లో గేదె ఈసుకుపోయింది, ఆయనే మాయ తీశాడు" అని చెప్పండి. నిజం ఒప్పుకోవాలి, ఓపీలో రోజుకు వంద మందిని చూస్తూ పశువుల సంగతి అడగడం మాలో చాలామందికి అలవాటు లేదు.

రోజ్ బెంగాల్ పరీక్ష, దానితోపాటు స్టాండర్డ్ అగ్లూటినేషన్ టైటర్ (రక్తంలో ఈ క్రిమి మీద యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిచేది), కుదిరితే బ్లడ్ కల్చర్. నడుము నొప్పి ఉంది కాబట్టి తుంటి కీలు, వెన్నుపూస కూడా చూడాలి. అక్కడే కూర్చోవడం ఈ క్రిమికి అలవాటు.

ఖాయమైతే రెండు మందులు కలిపి ఆరు వారాలు. సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ ఇస్తారు. లేదా డాక్సీతో పాటు మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ సూదులు. వెన్నుకు పాకితే ఇంకా ఎక్కువ రోజులు. ఇక్కడ చదివి మెడికల్ షాపుకు పరిగెత్తకండి. రిఫాంపిసిన్ టీబీకి వాడే మందు. టీబీ లేదని తేల్చకుండా మొదలుపెడితే ఉన్న టీబీ మొండిది అయ్యే ప్రమాదం ఉంది. ఒక్క తెమడ పరీక్ష రాలేదంటే టీబీ లేదని కాదు.

ల్యాబ్_అక్క | సోమవారం, మధ్యాహ్నం 1:45

రోజ్ బెంగాల్ అంటే భయపడేదేం లేదు. రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క, గులాబీ రంగు మందు ఒక చుక్క, రెండూ పలక మీద కలిపి నాలుగు నిమిషాలు ఊపుతాం. ఏమీ లేకపోతే గులాబీ నీళ్ళలాగే ఉంటుంది. ఉంటే పాలు విరిగినట్టు సన్నగా గింజలు కడుతుంది. కంటికి కనిపిస్తుంది.

ఇంకో మాట. కల్చర్‌కు ఇస్తే బ్రూసెల్లా అనుమానం ఉందని చీటీ మీద రాయించండి. ఇది మెల్లగా పెరుగుతుంది, ఎక్కువ రోజులు ఉంచాల్సి రావచ్చు. పైగా మూత తీసి వాసన చూసే అలవాటున్న వాళ్ళకు నేరుగా అంటుకుంటుంది. ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకు సోకే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. మా ప్రాణాలూ ప్రాణాలే కదా.

గుమ్మపాల_తాతమనవడు | సోమవారం, సాయంత్రం 6:30

ఈ కొత్త కొత్త జబ్బులన్నీ మందుల కంపెనీల పుణ్యం. మా తాత రోజూ పొద్దున పొదుగు కింద చెంబు పెట్టి గుమ్మపాలు తాగేవాడు. తొంభై ఒకటి బతికాడు. కాచిన పాలల్లో బలమేముంటుంది?

కృష్ణలంక | సోమవారం, సాయంత్రం 6:42

గుమ్మపాలు తాగి ముప్ఫైకే పోయినవాళ్ళకు మనవలు ఉండరు కదా బాబాయ్, ఇక్కడికొచ్చి రాయడానికి.

చరిత్ర_పిచ్చి | సోమవారం, రాత్రి 8:15

కొత్త జబ్బేమీ కాదు. మధ్యధరా సముద్రంలో మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సైనికులు దీంతో మంచాన పడేవాళ్ళు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ క్రిమిని పట్టుకున్నాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. కానీ అది ఎలా వస్తోందో తెలియడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది. 1905లో జమ్మిట్ అనే మాల్టా వైద్యుడు మేకల రక్తం చూశాడు. చూడటానికి నిక్షేపంలా ఉన్న మేకలు! వాటి పాలే ఇంటింటికీ వెళ్ళి గుమ్మం ముందే పితికి పోసేవాళ్ళు, అంటే అచ్చం గుమ్మపాలే. సైన్యంలో ఆ పాలు ఆపేశాక సైనికులకు జ్వరాలు పడిపోయాయి. ఊళ్ళో జనం మాత్రం అలవాటు మానక చాలా ఏళ్ళు బాధపడ్డారు.

సీమ_పశువైద్యం | సోమవారం, రాత్రి 9:00

ఒక్క పొంగు రానివ్వండి, చాలు. మన ఇళ్ళలో పాలు కాచే తోడు పెడతాం కాబట్టి పెరుగు, మజ్జిగ, నెయ్యితో బెంగ లేదు. జున్ను కూడా ఆవిరి మీద ఉడుకుతుంది. మన పల్లెల్లో ముప్పు పాలకంటే కొట్టంలోనే ఎక్కువ.

మా వైపు ఇంకో అలవాటు ఉంది. గేదె ఈనిన మాయను వరిగడ్డిలో చుట్టి, గోతంలో పెట్టి మర్రిచెట్టుకు కడతారు. మర్రికి పాలు కారతాయి కదా, గేదెకూ అలాగే పాలు పడతాయని నమ్మకం. ఒక ఊళ్ళో చెరువు గట్టు మీద మర్రికి నలభైకి పైగా మూటలు లెక్కపెట్టాను. మంచి ఈతల మాయలతో పాటు ఈసుకుపోయినవీ వాటిలో ఉంటాయి. కింద కుక్కలు కాచుకుని ఉంటాయి. ఒకటి తెగి పడిందంటే ఊరంతా ఈడ్చుకు తిరుగుతాయి. నమ్మకాన్ని తిడితే ఎవరూ వినరు, "గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చి, ఆ మీద మర్రికొమ్మ నాటు" అంటే కొందరు విన్నారు.

మన్నెంకొండ_మంద | మంగళవారం, ఉదయం 5:50

మాది మహబూబ్‌నగర్ జిల్లా. నూట ఇరవై గొర్లున్నయి. ఈతల కాలంలో రాత్రి పదిహేను పిల్లలు పడితే మేమే మూతి తుడుస్తం, ముక్కులో గాలి ఊదుతం, బొడ్డు కోస్తం. చేతులకు గ్లౌజులేమీ ఉండవు. పోయినేడు మంద మీద పన్నెండు గొర్లు ఈసుకపోయినయి. మా తమ్మునికి ఒక దిక్కు వృషణం వాచి జ్వరమొచ్చింది, దెబ్బ తగిలిందనుకున్నడు. ఇది చదివినంక డౌటొస్తున్నది.

ఎండీ_మెడిసిన్ | మంగళవారం, ఉదయం 7:40

డౌట్ రావాల్సిందే అన్నా. మగవాళ్ళలో ఈ జబ్బు అక్కడ కూడా కూర్చుంటుంది, సిగ్గుతో చెప్పరు. పైగా గొర్రెలు, మేకలలో తిరిగే రకం మనుషులకు గేదెల రకం కంటే ఎక్కువ బాధ పెడుతుంది. తమ్ముణ్ణి పంపండి, మీరూ పరీక్ష చేయించుకోండి. ముక్కులో నోటితో ఊదడం మాత్రం ఈ రోజే ఆపండి. గడ్డిపోచతో ముక్కు గెలికితే తుమ్ముతుంది, అది చాలు.

కువైట్_రాయచోటి | మంగళవారం, మధ్యాహ్నం 3:30

నేను కువైట్‌లో డ్రైవర్ని, అంతకుముందు రెండేళ్ళు ఎడారిలో ఒంటెల కాపలా. యజమాని ఒంటె పాలు పితికి నురగతోనే ఇచ్చేవాడు, వద్దంటే మర్యాద కాదని తాగేవాళ్ళం. జ్వరం వచ్చి క్లినిక్‌కు పోతే అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకోకముందే అడిగిన మొదటి మాట "ఒంటెల దగ్గర పనా? పచ్చి పాలు తాగావా?" అరబ్బీలో హుమ్మా మాల్తియా అంటారు, మాల్టా జ్వరమని. రెండు రోజుల్లో తేలిపోయింది. ఇదే జ్వరంతో మా ఊరికి వచ్చుంటే నేనూ ఇరవై సెలైన్లు ఎక్కించుకునేవాణ్ణి.

దర్శి_కుర్రాడు | మంగళవారం, సాయంత్రం 4:05

అన్నా, మా నాన్నను నలుగురు చూశారు. నలుగురిలో ఒక్కరు కూడా గేదెల మాట అడగలేదు. డిసెంబరులో గేదెను చూసిన గోపాలమిత్ర (ఊళ్ళో పశువుల సేవకుడు) కూడా "ఇంట్లో ఎవరికైనా జ్వరముందా" అనలేదు. రేపు సెలవు పెట్టి వెళ్తున్నా.

నాగార్జునసాగర్_లెఫ్ట్_కెనాల్ | మంగళవారం, రాత్రి 9:20

దారి మళ్ళిస్తున్నందుకు సారీ. మా పక్కింటి గేదె మొన్న చనిపోయింది. పదిహేను రోజుల కిందట కుక్క కరిచిందట. నోట్లో నురగ, అరుపులు. ఊరంతా ఆ గేదె పాలు పోయించుకున్నాం. ఈ రోజు పీహెచ్‌సీ ముందు రేబీస్ సూదికి అరవై మంది లైన్. మేమూ వేయించుకోవాలా?

ఎండీ_మెడిసిన్ | మంగళవారం, రాత్రి 9:45

కాచిన పాలు, వాటితో చేసిన కాఫీ, టీ, పెరుగు వల్ల రేబీస్ రాదు. లైన్‌లో అరవై మంది ఉన్నారు సరే, ఆ గేదె యజమాని ఉన్నాడా? ఆయన చెయ్యి దాని నోట్లో పెట్టాడా అడగండి.

నాగార్జునసాగర్_లెఫ్ట్_కెనాల్ | మంగళవారం, రాత్రి 10:10

అడిగాను. పెట్టాడట. మేత మింగలేక సొంగ కారుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని చెయ్యి దూర్చి వెతికాడట. చేతికి పంటి గీతలున్నాయి. ఆయన లైన్‌లో లేడు, గేదె పోయిందన్న దిగులుతో ఇంట్లో పడుకున్నాడు.

సీమ_పశువైద్యం | మంగళవారం, రాత్రి 10:18

ఇదే జరుగుతుంది ప్రతిసారీ. రేబీస్ సోకిన పశువుకు మింగుడు పడదు, చూసేవాళ్ళకు గొంతులో మామిడి టెంకో గుడ్డముక్కో అడ్డం పడినట్టే ఉంటుంది. సొంగలోనే వైరస్ ఉంటుంది. ఆయన్ను ఇప్పుడే లేపండి.

ఎండీ_మెడిసిన్ | మంగళవారం, రాత్రి 10:25

గీతలను సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. రోజులు గడిచినా కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. రాత్రికే పెద్దాసుపత్రికి పంపండి. రక్తం వచ్చిన గీతలైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే పనిచేసే రెడీమేడ్ యాంటీబాడీలు) కూడా ఇవ్వాలి. టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది, ఒక్కటీ తప్పకూడదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు, మొదలవకముందు సరిగ్గా చేస్తే దాదాపు ఎవరూ చావరు.

అరకు_టీచర్ | బుధవారం, ఉదయం 7:15

మా ఏజెన్సీలో ఇంకో బాధ ఉంది, దొమ్మ రోగం. అదే ఆంత్రాక్స్. ఉన్నట్టుండి చచ్చిన పశువును పారేయడానికి మనసొప్పక కోసి పంచుకుంటారు. కోసినవాళ్ళ చేతుల మీద నల్లటి పక్కు కట్టిన పుండ్లు లేస్తాయి. కోసినప్పుడు గాలి తగిలి ఆ క్రిమి గింజ కడుతుందట, మట్టిలో దశాబ్దాలు అలాగే పడి ఉంటుంది. ముక్కు నుంచో వెనక నుంచో గడ్డ కట్టని నల్లరక్తం కారుతూ చచ్చిందంటే కత్తి పెట్టొద్దని పిల్లలకు చెబుతుంటాను. ఒక పిల్లవాడు లేచి "మరి కూర ఎప్పుడు తింటాం టీచర్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

దర్శి_కుర్రాడు | ఆదివారం, రాత్రి 8:30

అప్‌డేట్. రోజ్ బెంగాల్ పాజిటివ్. టైటర్ కూడా చాలా ఎక్కువ. టీబీ లేదని అన్ని పరీక్షలూ చేసి తేల్చారు. తుంటి కీలులో వాపు ఉంది, వెన్ను బాగానే ఉంది. గురువారం నుంచి మందులు మొదలు. శుక్రవారం పొద్దున నాన్న బాత్రూంలోంచి గట్టిగా కేక పెట్టాడు, మూత్రం ఎర్రగా ఉందని. రిఫాంపిసిన్ వేసుకుంటే అలాగే వస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు, నేనే ఆయనకు చెప్పడం మరిచాను. నిన్న రాత్రి చెమట పట్టలేదు.

డాక్టరు గారు ఇంట్లో అందరికీ చేయించమన్నారు. వదినకు ఐదో నెల, అదే భయం. ఆమెకు లేదు, దేవుడి దయ. కొట్టం వైపు వెళ్ళొద్దని పుట్టింటికి పంపాం. అమ్మకు వచ్చింది. పాలు పితికేది అమ్మే. ఏడాదిగా మోకాళ్ళు, భుజాలు నొప్పులంటే వయసు అని మేమే తీసిపారేశాం, జండూబామ్ కొనిచ్చాను.

ల్యాబ్_అక్క | ఆదివారం, రాత్రి 8:50

అమ్మకూ నాన్నకూ డాక్సీ మాత్ర నిండు గ్లాసు నీళ్ళతో వేయించు, వేసుకున్న వెంటనే పడుకోనివ్వకు. గొంతులో మంట పుడుతుంది. ఎండ కూడా పడదు, పొలంలో తలకు కండువా ఉండాలి. మూడో వారానికి బాగైపోయిందని మానేస్తారు చూడు, అక్కడే జాగ్రత్త. తిరగబెడితే మళ్ళీ మొదటికి.

దర్శి_కుర్రాడు | సోమవారం, ఉదయం 7:00

సరే అక్కా. ఇప్పుడు అసలు తలనొప్పి గేదె. పశువుల ఆసుపత్రిలో దాని రక్తం పరీక్ష కూడా పాజిటివ్. చూడటానికి ఏ జబ్బూ లేనట్టే ఉంది. నాన్న సంతకు తోలేద్దామంటున్నాడు. లక్షా పదివేలు పెట్టి కొన్నది, అప్పు ఇంకా తీరలేదు.

మిర్చి_యార్డు | సోమవారం, ఉదయం 7:20

అమ్మేయ్ బ్రదర్. మీకు అమ్మినోడు చెప్పి అమ్మాడా?

మన్నెంకొండ_మంద | సోమవారం, ఉదయం 7:45

గట్లనే ఒకని కొట్టంల నుంచి ఇంకొకని కొట్టంలకు పోతున్నది అన్నా. నా మందలకు గూడ గట్లనే వచ్చిందనుకుంట, బయటి నుంచి తెచ్చిన గొర్లే ముందు ఈసుకపోయినయి.

సీమ_పశువైద్యం | సోమవారం, ఉదయం 8:10

దర్శి తమ్ముడూ, నీతులు చెప్పను. ఉన్న సంగతి చెబుతాను. పశువులో దీన్ని మందులతో వదిలించడం అయ్యే పని కాదు. వచ్చే ఈతకు దూడ నిక్షేపంగా పుట్టొచ్చు, కానీ మైలలో, పాలలో క్రిమి వదులుతూనే ఉంటుంది. ఉంచుకుంటే రెండోదానికి దూరంగా, వేరే తొట్టితో కట్టాలి. పాలు కాచకుండా చుక్క బయటికి పోకూడదు. పితికేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి. ఈనే సమయానికి నాలాంటివాణ్ణి పిలవాలి. అమ్మితే ఆ ఇంట్లో కూడా ఒక వదిన ఉంటుంది. ఆపైన మీ ఇష్టం.

దర్శి_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:15

ఈ రోజు దళారి వచ్చాడు. డెబ్బై అయిదు వేలు అన్నాడు. నాన్న మంచం మీద నుంచే "దానికి ఈసుడు రోగం ఉంది, నాకూ అదే వచ్చింది" అని చెప్పేశాడు. దళారి కాసేపు గేదె వైపు చూసి, "అరవై ఇస్తాను. ఈ మాట మాత్రం ఇంకెవరితోనూ అనకు పెద్దాయనా" అన్నాడు. నాన్నకు కోపం వచ్చి పొమ్మన్నాడు. అమ్మ అప్పటి నుంచి మాట్లాడటం లేదు.

గేదెను వేపచెట్టు కింద వేరుగా కట్టేశాం. సార్, రెండో గేదెకు పడ్డదూడ ఉంది. దానికేమైనా చేయొచ్చా?

సీమ_పశువైద్యం | మంగళవారం, రాత్రి 9:22

ఎన్ని నెలలు?

దర్శి_కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:24

ఉగాదికి ఏడు నిండుతాయి.

సీమ_పశువైద్యం | మంగళవారం, రాత్రి 9:31

ఎస్-19 టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు ఆడదూడలకే, జన్మకు ఒక్కసారి. ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఉగాది దాకా ఆగకండి, రేపే పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయండి. వేశాక చెవిపోగు నంబరు రాయించుకోండి. దూడను పట్టుకోవడానికి బలమైన మనిషిని పెట్టండి, సూది వేసే అతని చేతికి గ్లౌజు, కళ్ళకు అద్దాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే నా బొటనవేలి కథ చెప్పండి.

దర్శి_కుర్రాడు | బుధవారం, మధ్యాహ్నం 12:40

వేశారు సార్. కళ్ళద్దాలు లేవంటే నా బైక్ హెల్మెట్ ఇచ్చాను. అది పెట్టుకునే వేశాడు.